పాదిరి నుదుటి మీద డెల్మర్ గీత

మా ఊళ్లో ఒక మంచుబండి, మీద మనిషన్నవాడు లేకుండా, పాదిరి నుదురు కొండను నిట్టనిలువునా ఎక్కేసి, అంచు దాటి, అవతలి అడవిలోంచి దారి వెతుక్కుంటూ వచ్చి, లెనోర్ బారు ముందు ఆగి హారన్ కొట్టింది.

సరే, హారన్ కొట్టలేదు. మంచు మీద పరిగెత్తే ఈ మోటారు బండికి హారనే ఉండదు. బారు దాకా రావడం కూడా నేను కలిపిందే. అవతల దిగీ దిగగానే ఒక ఫర్ చెట్టుకు మూతి ఆనించి గురకపెడుతూ నిలబడిపోయింది. కానీ మనిషి లేకుండా ఎక్కిందన్న మాట మాత్రం నిజం. కాన్వెంటులో నాకు చదువు చెప్పిన సిస్టర్లు అబద్ధాన్ని పాపాల్లో వేసేవారు. ఉన్నదాన్ని కాస్త సాగదీస్తే మాత్రం లెక్కల్లో తప్పు కింద మార్కులు తగ్గించి వదిలేసేవారు. కాబట్టి మార్కులు మీరే తగ్గించుకోండి.

ఎక్కింది బండి. పేరు వచ్చింది డెల్మర్ రస్కాకి. ఆ పేరు మోయలేక ఆ మనిషి పడ్డ సిగ్గు గురించే నేను చెప్పబోయేది.

డెల్మర్ మా కలప మిల్లులో రంపాలకు పదును పెట్టేవాడు. వేళ్ల చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. చర్చిలో ఆఖరి బెంచీ మీద, తలుపు పక్కనే కూర్చునేవాడు. ఎవరూ పలకరించకముందే జారుకోవచ్చని. పొగిడితే చెవులు ఎర్రబడేవి. అలాంటివాణ్ణి ఊరంతా కలిసి ఇరవై ఏళ్లు పొగిడింది.

మా కొండకు ఆ పేరెందుకంటే, పైన చెట్టన్నది లేకుండా నున్నగా, నిటారుగా, బట్టతల పాదిరి ముఖంలా ఉంటుంది. మూడొంతులు ఎక్కాక అడ్డంగా ఒక నల్ల రాతి చార. అది కనుబొమ. కనుబొమకు పైన ఇంకా నిటారు. ఆ పైన, గాలి పేర్చిన మంచు చూరు ఇంటి చూరులాగే ముందుకు వంగి వేలాడుతుంటుంది.

చలికాలం శనివారాలు మగాళ్లూ ఆడవాళ్లూ బండ్లేసుకుని ఆ కొండ కిందికి చేరతారు. ఒకరి తర్వాత ఒకరే ఎక్కాలి. ఒకరు పైన ఉండగా ఇంకొకరు కింద వాలు మీద నిలబడకూడదు. వెళ్లగలిగినంత పైకి వెళ్లి, బండి ఊపిరి అందక ఆగిపోకముందే పక్కకు తిప్పి దిగిపోవాలి. మంచు మీద తలపిన్ను ఆకారంలో ఒక గీత మిగులుతుంది. ఎవరి గీత వంపు అందరికన్నా పైన ఉంటే వారం రోజులు ఊరు వాళ్లదే. లెనోర్ పెల్కీ బారులో కిటికీకి గొలుసేసి కట్టిన బైనాక్యులర్ ఉంది. ఆ గీతలు చదవడానికే. ఎవరెక్కడ వణికారు, ఎవరెక్కడ భయపడి ముందే తిప్పారు, ఎవరు కూర్చుని నడిపారు, అన్నీ గీతలోనే కనిపిస్తాయి. మా ఊళ్లో మనిషి మాట నమ్మం, గీతను నమ్ముతాం. మా తప్పంతా అక్కడే వచ్చింది.

డెల్మర్ మంచి రైడరు. అందులో అనుమానం లేదు. నిటారు కొండ ఎక్కడమంటే సీటు మీద కూర్చుని మీట నొక్కడం కాదు. కూర్చుంటే బరువు వెనక్కి పోతుంది, ముందున్న స్కీలు, మంచు మీద జారే ఆ పట్టీలు, గాల్లోకి లేస్తాయి, బండి బెదిరిన గుర్రంలా నిలబడి మన మీదే పడుతుంది. లేచి నిలబడాలి. మోకాళ్లు వదులుగా, గుండె హ్యాండిల్ మీదికి. ఏటవాలుకు అడ్డం పోవలసి వస్తే రెండు పాదాలూ కొండవైపు ఉన్న కాళ్లు పెట్టుకునే పలక మీదికి తెచ్చుకుని, బండిని కొండవైపు ఒరగదీసి, హ్యాండిల్ మాత్రం లోయవైపు తిప్పాలి. కొత్తవాళ్లకు ఇది తలకెక్కదు. లోయంటే భయమేసి కొండవైపు తిప్పుతారు, దొర్లుకుంటూ లోయలోకే పోతారు. బొటనవేలి కింద ఉండే వేగం పెంచే మీటను గట్టిగా అదిమితే కింద రబ్బరు పట్టా మంచు తవ్వి తన గొయ్యి తనే తీసుకుంటుంది. వదిలేస్తే బండి చచ్చిపోతుంది. రెంటికీ మధ్య పాలు పొంగకుండా మంట చూసుకున్నట్టు చూసుకోవాలి. ఇవన్నీ డెల్మర్‌కు చేత్తో వచ్చినవి. ఎవరైనా అడిగితే ఒక్కటే చెప్పేవాడు.

"బండి ఇక నావల్ల కాదన్నాక తిప్పితే ఆలస్యమే. అనబోతున్నప్పుడు తిప్పాలి."

ఇంకొకటుంది. హ్యాండిల్ దగ్గర్నుంచి నడుముకు తగిలించుకునే చిన్న తాడు. మనిషి పడితే తాడు ఊడి ఇంజిను ఆగిపోతుంది. బండి ఒంటరిగా ఎక్కిన ఆ శనివారం డెల్మర్ దాన్ని తగిలించుకోలేదు. కొత్త కోటు, కొక్కెం పట్టలేదు. హ్యాండిల్‌కే చుట్టేసి ఎక్కాడు.

కొండ సగం నుంచి పైకి మబ్బు కమ్మేసి ఉంది. బారులో కిటికీ దగ్గర నేనూ ఉన్నాను. డెల్మర్ మబ్బులోకి దూరడం చూశాం. ఆ తర్వాత ఇంజిను మోత విన్నాం. ఎంతకీ తగ్గలేదు. దూరమై, కొండకవతల సన్నగా వినిపించి, ఇక వినిపించకుండా పోయింది.

మబ్బు లోపల జరిగింది ఇది. కనుబొమ దగ్గర తిప్పవలసినవాడు మబ్బులో కనుబొమ కనిపించక దాటిపోయాడు. పైన పిండిలాంటి మంచు. బండి ఒక్కసారి ఎగిరింది, డెల్మర్ ఎడంపక్కకు బోర్లా పడ్డాడు. మీట మంచు గడ్డకట్టి నొక్కింది నొక్కినట్టే ఉండిపోయింది. తాడు లేదు, కాబట్టి ఇంజిను ఆగలేదు. పైన డెల్మర్ బరువు కూడా లేదు. బండి హాయిగా ఎక్కిపోయింది. చూరులో గాలి కొరికిన ఒక సందుంటే అందులోంచి దూరి అవతలికి పోయింది. కిందికి జారదామంటే ఎంత లోతు తెలియదు. డెల్మర్ పొట్ట మీద పాక్కుంటూ, బండి వేసిన గాడి పక్కనే, పైకి పోయాడు. అవతల చెట్టుకానుకుని ఉన్న బండి దొరికింది. మీట విదిలించి, అడవి రోడ్డంట చుట్టు తిరిగి ఇంటికి బయల్దేరాడు.

అతను వచ్చేలోపల మబ్బు విడిపోయింది. బైనాక్యులర్ లెనోర్ చేతిలో ఉంది.

"దేవుడా! గీత పైదాకా పోయిందర్రా! తిరిగి రాలేదు! దాటేశాడు!"

అందరం ఎగబడ్డాం. బండి గీత పక్కనే ఎడమవైపు ఇంకో గాడి, వెడల్పుగా, చూరు దాకా.

"అదేంటి పక్కన?" అన్నారెవరో.

లెనోర్ చాలాసేపు చూసింది. తర్వాత పాఠం చెప్పే గురువులాగా బైనాక్యులర్ దించింది. "కాలు. ఎడంకాలు మొత్తం బయటికేసి, కొండ మీద ఈడ్చుకుంటూ పోయాడు. ఒళ్లంతా కొండవైపు వేలాడేశాడు. అందుకే బండి ఒరగలేదు. ఇన్నేళ్లూ మనం రెండు కాళ్లూ లోపలేసుకుని చచ్చాం!"

డెల్మర్ తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. గడ్డం నిండా మంచు.

"రారా నా తండ్రీ! పాదిరి నెత్తిన కాలు పెట్టొచ్చావు!" అంది లెనోర్. "ఎడంకాలు బయటేశావు కదూ?"

"బయటే ఉంది," అన్నాడు డెల్మర్.

ఇంకేదో చెప్పబోయి నోరు తెరిచాడు. నేను చూశాను. తెరిచిన నోటికి ఎదురుగా లెనోర్ పెద్ద 'పై' ముక్క, అంటే హకుల్‌బెర్రీ పళ్లు కూరి కాల్చిన తీపి రొట్టె, పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. తిన్నాడు. అంతే. ఆ ముక్క మింగిన దగ్గర్నుంచి మాట పైకి రాలేదు.

లెనోర్ ఆ గీతను ఫొటో తీయించి బారు గోడకు కట్టించింది. ఏటా అదే శనివారం డెల్మర్‌కు ఆ పై ఉచితం. ఎడంకాలు బయటేసి నడపడానికి 'డెల్మర్ కాలు' అని పేరొచ్చింది. తమాషా ఏమిటంటే, ఏటవాలు మీద అది కొంతవరకు పనిచేసింది కూడా. గీతలు పైకి పోసాగాయి. కాళ్లు కూడా పోసాగాయి. మిల్లులో పనిచేసే బిర్గర్ అనేవాడు కాలు బయటేసి, కాలు మంచులో దిగబడిపోయి, బండి ముందుకు పోయి, మోకాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టుతో వచ్చి డెల్మర్ భుజం తట్టాడు. "నీ అంత కాలు నాకు లేదన్నా!" అని నవ్వాడు. డెల్మర్ ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదని తోటివాళ్లు చెప్పారు.

అతను మంచుబండి నడపడం మానేశాడు. నడుం నొప్పి అన్నాడు. బండిని షెడ్లో గోనె కప్పి ఉంచాడు, అమ్మనూ లేదు. బిర్గర్ ఎదురొస్తే రోడ్డు దాటేవాడు. పై తినే శనివారం వస్తుంటే వారం ముందునుంచే కడుపు బాగాలేదనేవాడు. అయినా లెనోర్ ముక్క కట్టి ఇంటికి పంపేది.

భార్య ఓర్ఫాకు మొదటి రోజు నుంచీ తెలుసు. బడి వంటింట్లో పని చేసేది, నోరు గల మనిషి. అయినా ఆ ఒక్క విషయంలో నోరు కట్టుకుంది.

"చెప్పెయ్ డెల్. నవ్వుతారు, పోతుంది," అనేది.

"రేపు చెప్తా."

"ఆ రేపు గడ్డం నెరిసిపోయింది."

ఇలా ఉండగా లెనోర్ కూతురు టానిస్ పెద్దదయింది. రోడ్ల మీద మంచు తోసే యంత్రం నడిపే పిల్ల. ఒంట్లో భయమన్నది లేదు. ఫిబ్రవరిలో చుట్టుపక్కల ఊళ్లన్నీ కొండ కిందికి చేరే రోజు ఒకటుంది. ఆ రోజున తను పాదిరి నుదురు దాటి చూపిస్తానని బారులో అందరి ముందూ అంది. అని, తిన్నగా డెల్మర్ షెడ్డుకు వచ్చింది.

డెల్మర్ రంపం గొలుసుకు ఆకురాయి పెడుతున్నాడు.

"డెల్మర్ బాబాయ్, కనుబొమ దాటాక ఏం చేశారు?"

"కనుబొమ దగ్గరే తిప్పెయ్ తల్లీ."

"మీరు తిప్పలేదుగా."

"నా సంగతి వేరు."

"ఆ వేరేంటో చెప్పమనే వచ్చా. మా అమ్మ పైలన్నీ మీకే పెట్టింది. నాకో చిట్కా పెట్టరా?"

డెల్మర్ ఆకురాయిని మళ్లీ రంపం మీద పెట్టాడు. టానిస్ తలుపు కానుకుని బూట్ల మంచు దులుపుకుంది.

"ఇంకోటి బాబాయ్. కాలు బాగా బయటికేస్తే నడుం తాడు చాలట్లేదు. లాగేసి ఇంజిను ఆగిపోతోంది. అందుకని ఆ రోజు తగిలించుకోను. మీరూ తగిలించుకోలేదటగా? మీరొచ్చినప్పుడు తాడు హ్యాండిల్‌కే చుట్టి ఉందని అమ్మ చెప్పింది."

ఆకురాయి జారి రంపం పన్నొకటి చెడింది. రంపాలే బతుకైన మనిషికి అది చిన్న సంగతి కాదు.

"తగిలించుకో," అన్నాడు. "తాడు లేకుండా ఎక్కకు."

"మీరెక్కారు కదా!"

"టానిస్, ఆ రోజు..."

"చెప్పండి."

డెల్మర్ తలెత్తి చూశాడు. ఆ పిల్ల ముఖం నిండా నమ్మకం. చిన్నప్పటి నుంచి గోడ మీద ఆ ఫొటో చూస్తూ అన్నం తిన్న పిల్ల.

"ఆ రోజు చలి ఎక్కువ," అన్నాడు.

టానిస్ నవ్వుతూ వెళ్లిపోయింది. డెల్మర్ చెడిన పన్నును అలాగే వదిలేసి ఇంటి వైపు నడిచాడు. కనుబొమ పైన మనిషి నిలబడిన బండి నిలవదు. వెనక్కి తిరగబడుతుంది. తాడు తగిలించుకుంటే ఇంజిను ఆగుతుంది, మంచులో కూరుకుని బతికిపోవచ్చు. లేకపోతే కింద పట్టా అరుస్తూ తిరుగుతూనే మనిషి మీద పడుతుంది.

ఓర్ఫాకు చెప్పాడు. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"నీ సిగ్గు పెద్దదా, ఆ పిల్ల మెడ పెద్దదా?"

"లెనోర్‌తో చెప్తా. రేపు..."

"రేపన్నావంటే ఈ గరిటె తిరగేస్తా."

ఊళ్లన్నీ చేరే ఆ రోజున కొండ కింద జనం, ట్రక్కులు, మిరపకాయల కూర ఉడికే పెద్ద డేగిసా. డెల్మర్ పికప్పు వెనక తలుపు దించి దాని మీద నిలబడ్డాడు. అతను పదిమంది ముందు నిలబడగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అందుకే అందరూ అటు తిరిగారు. అతని చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

"నేనెక్కలేదు," అన్నాడు. "బండి ఎక్కింది. నేను పడిపోయాను."

ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. చప్పట్లు మొదలయ్యాయి.

"చూశారా, ఎంత అణకువో!"

"ఒరే డెల్మర్, వయసొచ్చి మతి పోయిందట్రా?" అంది లెనోర్. "గీత నేను చూశా. గీత అబద్ధమాడదు."

"గీత ఆడలేదు. మనం చదవడం తప్పు. పక్కన గాడి కాలుది కాదు లెనోర్. నా పొట్టది. పాక్కుంటూ పోయా."

ఈసారి నవ్వు ఇంకా పెద్దది. బిర్గర్ కళ్లు తుడుచుకుంటున్నాడు. టానిస్ ఒక్కతే నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"నన్ను ఆపడానికే కదూ ఇలా చెబుతున్నారు బాబాయ్?"

అప్పుడు డెల్మర్‌కు అర్థమైంది. ఈ ఊళ్లో మాటతో పని కాదు.

పికప్పులో గోనె కింద పాత బండి ఉంది. ఓర్ఫా పొద్దున్నే ఎక్కించింది, ఏమీ అనకుండా. దించారు. ఇంజిను స్టార్టు చేసే తాడు లాగితే అది దగ్గింది, మళ్లీ లాగితే తిట్టింది, ఆ తర్వాత అందుకుంది. డెల్మర్ నడుం తాడును కొక్కానికి తగిలించి, అందరికీ కనిపించేలా లాగి చూపించాడు. గడ్డం తెల్లబడ్డ ఆ మనిషి లేచి నిలబడి, గుండె హ్యాండిల్ మీదికి వంచి, రెండు పాదాలూ పలకల మీదే ఉంచి బయల్దేరాడు.

ఆహా, ఎక్కాడండీ. అబద్ధం చెప్పను. కింద ఏటవాలు దగ్గర కొండవైపు ఒరిగి, హ్యాండిల్ లోయవైపు తిప్పి, చీర కుచ్చిళ్లు మడిచినంత నేర్పుగా వంపు తీసుకున్నాడు. అక్కడి నుంచి తిన్నగా పైకి. మీట ఎక్కడా తొందరపడలేదు. ఆకాశం తేటగా ఉంది, కిందున్న ప్రతి ఒక్కరికీ కనిపిస్తున్నాడు. కనుబొమ దగ్గరికి వచ్చాడు. ఇంజిను ఇంకా పాడుతూనే ఉంది. ఇంకా పోవచ్చనిపించింది. కింద జనం "పద, పద!" అని అరుస్తున్నారు. వాళ్లు ఇన్నేళ్లూ పొగిడిన మనిషి అక్కడి నుంచి ఇంకొంచెం పైకి పోతేనే దొరుకుతాడు.

తిప్పేశాడు.

తలపిన్నులాంటి వంపు. చూరుకు చాలా కింద. ఆ అరుపులు సగంలో తెగిపోయాయి.

దిగి వచ్చి ఇంజిను ఆపాడు. టానిస్ వంక తప్ప ఎవరి వంకా చూడలేదు.

"అదిగో, అది నా గీత. మనిషి ఉన్న గీత అంతవరకే. గోడ మీది ఫొటోలో ఆ పైదంతా బండి ఒక్కదానిది. తాడు తగిలించుకోలేదు కాబట్టి పోయింది."

లెనోర్ బైనాక్యులర్ ఎత్తి కనుబొమ చూసింది. పైన చూరు చూసింది. మళ్లీ కనుబొమ చూసింది. బుగ్గలు ఎరుపెక్కాయి.

"అయితే ఇన్నేళ్లూ నేను పై పెట్టాల్సింది బండికన్నమాట," అంది.

ఎవరూ నవ్వలేదు. బిర్గర్ వంగి మోకాలు రుద్దుకున్నాడు.

"అంటే నేను నీ పొట్ట చూసి నా మోకాలు విరగ్గొట్టుకున్నానా?"

"అవును," అన్నాడు డెల్మర్. "తప్పు నాది."

"ఏనాడో చెప్పి ఏడవొచ్చు కదరా!"

"చెప్పాలనే అనుకున్నా. ప్రతి రోజూ."

బిర్గర్ ఉమ్మి, కుంటుకుంటూ డేగిసా వైపు పోయాడు. అతని వెనకే ఇంకొందరు. సిగ్గు డెల్మర్ ఒక్కడిదే కాదప్పుడు. గీతలు చదవడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరనుకున్న మేమంతా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేక కూర మీద పడ్డాం. అంత నిశ్శబ్దంగా భోంచేసిన జనాన్ని నేను చావింట్లో కూడా చూడలేదు.

టానిస్ తన బండి దగ్గర నిలబడి హ్యాండిల్‌కు చుట్టిన తాడును విప్పింది. నడుముకు తగిలించుకుంది.

"చాలట్లేదు బాబాయ్."

"కాలు లోపలికి తెచ్చుకో. చాలుతుంది."

ఆ పిల్ల ఎక్కింది. కనుబొమను దాటింది, ఒక బండి పొడవు. అక్కడ బండి ఊపిరి మారడం కింద మాకు కూడా వినిపించింది. తిప్పేసింది. గీత డెల్మర్ గీతకు పైన. లెనోర్ అప్పటిదాకా పట్టిన ఊపిరి వదిలి, వెంటనే కూతుర్ని తిట్టడం మొదలుపెట్టింది. ఆ వారం ఊరు టానిస్‌ది.

డెల్మర్‌కు మాత్రం తేలికపడిందని చెప్పలేను. లెనోర్ గోడ మీద ఫొటో తీసేసింది. బిర్గర్ మాట్లాడటానికి మరుసటి ఎండాకాలం దాకా పట్టింది. మాట్లాడాక కూడా, ఎండలోనూ మోకాలు నొప్పెడుతోందని డెల్మర్ ఉన్నప్పుడే అంటాడు. డెల్మర్ వింటాడు. ఇప్పుడు రోడ్డు దాటడు, అంతే తేడా. ఎదురుగా నిలబడి, నేల చూస్తూ, మొత్తం వింటాడు. బారుకొస్తే తలుపు పక్కన కూర్చుంటాడు. లెనోర్ పై పెడితే డబ్బులు బల్ల మీద పెట్టి గానీ చెంచా ముట్టడు.

ఇదంతా రాశాక, మర్యాద కాబట్టి, పోయిన వారం ఆ బల్ల దగ్గరే కూర్చుని డెల్మర్‌కు చదివి వినిపించాను. కాఫీ చల్లారేదాకా విన్నాడు. చివర్లో నన్నో మంచివాణ్ణి చేశావేమిటన్నట్టు ముఖం చిట్లించాడు.

"ఇందులో ఒక్క ముక్క నిజం కాదు," అన్నాడు.

"ఏ ముక్క కాదు?"

"మొదటి ముక్క దగ్గర్నుంచి. నేను ఏ కొండా ఎక్కలేదు. ఎవరి ముందూ నిలబడి ఏమీ చెప్పలేదు. అసలు నాకు మంచుబండే లేదు."

"మరి బయట నీ పికప్పులో ఉన్నదేంటయ్యా?"

"అది ఓర్ఫాది," అన్నాడు డెల్మర్, ఎర్రబడ్డ చెవులతో. "నాకు నడపడం రాదు."